ఆజ్ఞ లేని పాలనము

పాలన మనగానే మనకు ఆజ్ఞ తోచును. రాజు శాసించును, ప్రజ తలయొగ్గును, తలయొగ్గనివానికి దండనము కలుగును. పురాణములు వినియు, కచేరీల మెట్లెక్కియు మనము నేర్చుకొన్నది ఇదియే. కావున ఆజ్ఞ వినబడని చోట పాలనము లేదనియు, అచ్చట మనము స్వేచ్ఛగా నున్నామనియు తలచుట మనకు సహజమైపోయినది. ఈ తలంపు సరికాదని చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. నేటి ప్రభుత్వములు తమ పనులలో పెక్కింటిని ఆజ్ఞతో నిమిత్తము లేకుండ నెరవేర్చుకొనుచున్నవి. అవి మనలను బలవంతపెట్టవు. మనము నడచు త్రోవను, విప్పు కుళాయిని, కట్టు పన్నును, మనలను చూచు కంటిని ఒక తీరున అమర్చి, మనంతట మనమే వారు కోరినట్లు నడచుకొనునట్లు చేయును.

ఈ విద్యను పరీక్షించుటకు లండను, పారిసు నగరముల దాక పోనక్కరలేదు. హైదరాబాదు పాతబస్తీ చాలును. నిజాములది ఉదారప్రభుత్వము కాదే, అచ్చట ఈ ప్రశ్న యెట్లు పుట్టునని పాఠకులు శంకింపవచ్చును. శంక న్యాయమైనదే. కాని ఉదారప్రభుత్వములు ఐరోపాలో చేసికొన్న పనిముట్లను నిరంకుశుడైన రాజును తెచ్చి వాడుకొనెను. ఆ పనిముట్లే పిదప ప్రజాప్రభుత్వమునకు సంక్రమించినవి. రాజు పోయెను, రాజ్యాంగము మారెను. వీథియు, కుళాయియు తమ పని తాము చేయుచునే యున్నవి. అందుచేత ఈ నగరము మనకు మంచి నిదర్శనము.

ముందుగా సిద్ధాంతమును గూర్చి కొన్ని మాటలు. ఉదారవాదమునకు ఆచార్యుడని పేరుపొందిన జాన్ స్టూవర్ట్ మిల్లు 1859లో స్వేచ్ఛను గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. ఒకని ప్రవర్తనమువలన ఇతరులకు హాని కలుగనంతవరకు ప్రభుత్వముగాని, సంఘముగాని వాని జోలికి పోరాదనునది దాని సారము. ఆ వాక్యములను చదివి మన దేశపు విద్యావంతులు ఎంతయో ఉప్పొంగిరి. కాని ఆ గ్రంథపు మొదటి ప్రకరణముననే, ఈ సూత్రము వెనుకబడిన సంఘములకు చెల్లదనియు, వారి అభివృద్ధికొఱకైనచో వారిపై నిరంకుశపాలనము తగుననియు ఆయన వ్రాసియున్నాడు. 1823 మొదలు 1858 వరకు ఆయన ఈస్టిండియా కంపెనీ కొలువులో నుండెను. ఆ వెనుకబడినవా రెవరో మనకు వేఱుగ చెప్ప నక్కరలేదు. స్వేచ్ఛ పుట్టిననాడే దానికి ఒక సరిహద్దు గీయబడినదని మాత్రము మనము గుర్తుంచుకొనవలెను. ఆ గీతతో మనకు మరల పని కలుగును.

మిల్లు కాలమునకు నూఱేండ్లు దాటిన పిమ్మట, 1978, 1979 సంవత్సరములలో ఫ్రెంచి తత్త్వవేత్త మిషెల్ ఫూకో పారిసు నగరమున కొన్ని ఉపన్యాసము లిచ్చెను. ఉదారప్రభుత్వము తక్కువగా పాలించునని మిల్లు శిష్యులు నమ్మిరి. అట్లు కాదు, అది స్వేచ్ఛను అడ్డుతొలగించుకొని పాలింపదు, స్వేచ్ఛనే సాధనముగా చేసికొని పాలించునని ఫూకో వాదించెను. ఆయన మాటను తెలుగున చెప్పవలెనన్నచో పాలన మనగా ప్రవర్తనమును ప్రవర్తింపజేయుట. 2003లో పాట్రిక్ జాయిసు అను ఇంగ్లీషు చరిత్రకారుడు ఈ భావమునే పట్టుకొని, పందొమ్మిదవ శతాబ్దపు లండను, మాంచెస్టరు నగరముల వీథులను, మురుగు కాలువలను, దీపస్తంభములను, గ్రంథాలయములను పరిశీలించి ఒక గ్రంథమును వ్రాసెను. స్వేచ్ఛాపౌరుడు వట్టి చట్టమువలన పుట్టలేదు. వెడల్పైన వీథియు, శుభ్రమైన నీరును, రాత్రివేళ వెలుతురును కలిసి వానిని తయారుచేసినవని దాని సారాంశము.

ఇక పాతబస్తీకి వత్తము. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా ఈ నగరమును నిర్మించెను. తరువాతి శతాబ్దములలో దీని చుట్టును ప్రాకారము లేచెను. దానికి 12 దర్వాజాలును, 13 ఖిడికీలును ఉండెడివి. నేడు పురానాపూలు దర్వాజాయు, దబీర్‌పురా దర్వాజాయు మాత్రము మిగిలియున్నవి. దర్వాజా యనునది రాతితో కట్టిన ఆజ్ఞ. మూసినచో పోరాదు, తెఱచినచో పోవచ్చును. దాని యెదుట నిలిచినవానికి తన్ను ఆపినదెవరో, ఎచ్చట ఆపిరో స్పష్టముగ తెలియును. కోపము వచ్చినచో ఆ తలుపుమీదనే గ్రుద్దవచ్చును.

1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి నగరమును ముంచెను. మృతులు 15 వేలమంది వరకు ఉందురని సాధారణముగ చెప్పుదురు. ఆ మరుసటి యేట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించి, వరద నాపుటకును, నగరమునకు నీటిని, మురుగు కాలువలను ఏర్పఱచుటకును ఉపాయములు చెప్పుమనిరి. ఆయన చూపిన త్రోవననుసరించి 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును పూర్తియైనవి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడెను. జనులు దానిని ఆరాయిషె బల్దా యని పిలిచిరి. నగరమునకు అలంకారము చేయునదని అర్థము. ఇరుకు బస్తీలను తొలగించుట, వీథులను వెడల్పు చేయుట, కాలువలు త్రవ్వించుట, క్రొత్త యిండ్లు కట్టించుట దాని పనులు.

నయాపూలు దాటి చార్మినారువైపు నడచువానికి పత్తర్‌గట్టి తగులును. రాతి కమానుల క్రింద ఒకే తీరున తీర్చిన దుకాణముల వరుస అది. ఆ వీథి ఎవ్వనిని ఏమియు ఆజ్ఞాపింపదు. అయినను కమాను నీడ బాటసారిని ప్రక్కకు పిలిచి బండ్లకు నడుమ త్రోవ విడిపించును. దుకాణపు గడప ఇంతవరకే నీ సరకని వర్తకునికి గుర్తుచేయును. వీథి ఈ చివరనుండి ఆ చివరకు కనబడుటచేత, చేయరాని పనిని చేయదలచినవాడు ఒకసారి వెనుదిరిగి చూచుకొనును. ఇరుకు గల్లీలో ఎఱిగినవారి చూపునకు మాత్రమే జంకినవాడు, ఇచ్చట ఎఱుగనివారి చూపునకును జంకి నడచుకొనును. ఈ వీథిని శాసనమని ఎవ్వరును అనరు, కాని శాసనము చేయవలసిన పనిని ఇది చేయుచున్నది.

కుళాయి కథయు ఇట్టిదే. నీరు బావినుండి తోడుకొనువాని కాలము వానిది. భిస్తీ తెచ్చి పోయువాని కాలము భిస్తీది. గొట్టమున నీరు వచ్చిన దినమునుండి ఇంటి కాలము గొట్టముది. నీరు విడుచు వేళకు ఇల్లాలు మేలుకొనును; బిందెలు వరుసకు చేరును; పిల్లల బడివేళయు, వంటవేళయు దానితోపాటు జరుగును. నేటికిని నగరమున పలుచోట్ల దినము విడిచి దినము నీరు వచ్చుచున్నది. ఫలానివేళ లేవవలెనని ఏ ప్రభుత్వమును ఎన్నడును ఫర్మానా చేయలేదు. అయినను వేలకొలది యిండ్లు ఒకే ఘడియకు లేచుచున్నవి. ఇట్లు చెప్పుటచేత గొట్టపు నీరు చెడ్డదని నా భావము కాదు. గండిపేట నీరు ఈ నగరమును ఎన్నియో వ్యాధులనుండి కాపాడినది. ప్రాణమును నిలుపు మేలుకూడ మన నడవడిని దిద్దుటతోనే కలిసి వచ్చునని మాత్రము చెప్పదలచితిని.

ఇంతవరకు చెప్పినవి రాయి, నీరు. ఇదే విద్య మనస్సుమీద ఎట్లు పనిచేయునో చూడవలెనన్నచో నదిని దాటి ఉత్తరపుటొడ్డునకు పోవలెను. 1884 నుండి నిజాము రాజ్యమున ఫారసీ స్థానమున ఉర్దూ అధికారభాష యయ్యెను. కోర్టులో ఉర్దూ, కొలువులో ఉర్దూ; 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధనము ఉర్దూలోనే. తెలుగువాడు తెలుగు మాటలాడరాదని ఎవ్వరును శాసింపలేదు. అయినను 1921 నవంబరులో వివేకవర్ధనీ నాటకశాలయందు, కార్వేపండితుని అధ్యక్షతను జరిగిన సంఘసంస్కార సభలో, అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప నారంభింపగా సభికులు గోలచేసి ఎగతాళి చేసిరి. ఆ పరాభవమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినదని తెలంగాణ చరిత్ర తెలిసినవారందఱకును విదితము.

ఈ ఘట్టమును మనము అవమానకథగా చెప్పుకొని ఊరకుందుము. దీనిలో మఱొక పాఠము కలదు. అచ్చట పోలీసులు లేరు, ఫర్మానా లేదు, నోరు మూయించినవారు సభికులు. ఆజ్ఞ లేని పాలనమునకు ముఖ్యలక్షణ మిదియే. ఏ భాష వచ్చినవానికి కొలువు దొరకునో, ఏ భాష వచ్చినవానికి దొరకదో నిర్ణయించిన చాలును. మిగిలిన పనిని ఇరుగుపొరుగువారు చేయుదురు. సిగ్గు అను బంటునకు జీతమియ్యనక్కరలేదు.

ఆ రాజ్యముననే ప్రత్యక్షపు ఆజ్ఞలకును కొఱత లేదు. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ననుసరించి ముందుగ అనుమతి లేనిది బహిరంగసభ జరుగరాదు. ఈ రెంటిని ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడు. గస్తీ 53ను ఎల్లరు ఎఱుగుదురు. దానిని నిందించిరి, దానిమీద మహజరులు పెట్టిరి, దానిని దాటుటకు ఉపాయములు వెదకిరి. సభ కూడదన్నచోట గ్రంథాలయమును స్థాపించిరి. 1930లో జోగిపేటయందు సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను ఆంధ్రమహాసభ నడిపించిరి. కంటికి కనబడిన అడ్డు జనులను ఏకము చేసినది. సిగ్గును మాత్రము ఎవ్వరును అడ్డని గుర్తింపరైరి. ఒక పెద్దమనిషికి నిండుసభలో పరాభవము జరుగువఱకు అది అడ్డుగనే తోచలేదు.

ఇప్పటి సంగతికి వత్తము. నేటి ప్రభుత్వములు ఈ విద్యను మఱింత సున్నితము చేసినవి. 2008లో అమెరికాలో థేలరు, సన్‌స్టీను అను పండితులు, మనుష్యుని బలవంతపెట్టకుండ మోచేతితో మెల్లగా పొడిచినట్లు మంచి త్రోవకు మరల్పవచ్చునని ఒక గ్రంథమున బోధించిరి. 2010లో ఇంగ్లండు ప్రభుత్వము ఈ పనికై ప్రత్యేకముగ ఒక శాఖనే ఏర్పఱచుకొనెను. హైదరాబాదు పౌరునకు ఈ పోటు క్రొత్తది కాదు. ఏప్రిలు నెలలోనే ఇంటిపన్ను కట్టినచో నూటికి 5 చొప్పున తగ్గింపు ఇచ్చుచు నగరపాలక సంస్థ ప్రతియేట ప్రకటించుచున్నది. కట్టుమని గద్దించుటకన్న ముందుగ కట్టినవానికి లాభము చూపుట మేలని అధికారులు గ్రహించిరి.

2021 జనవరిలో ఆరంభమైన ఉచితజల పథకము ఇంతకంటె విశేషమైనది. నగరపాలక సంస్థ పరిధిలో ఇంటి కుళాయికి నెలకు 20 వేల లీటర్ల నీరు ఉచితము. ఉచితము కోరువాడు పనిచేయు మీటరును కలిగియుండవలెను. తన కుళాయిని ఆధారు సంఖ్యతో ముడిపెట్టవలెను. మురికివాడలవారికి మీటరు నిబంధన సడలించిరి. మీటరు పెట్టుమని శాసించియున్నచో జనులు గొణిగియుందురు. పెట్టినచో నీరు ఉచితమనగా తామే వెదకికొని పోయి పెట్టించుకొనిరి. మీటరు వచ్చిన పిమ్మట లెక్క వచ్చును. నెలకు 20 వేల లీటర్లు దాటునేమో యని గృహస్థుడు తన బకెట్లను తానే ఎంచుకొనును. పొదుపు నేర్పిన గురువు ప్రభుత్వమని వానికి తోచదు. తన బుద్ధియే తనకు నేర్పినదని తలచును.

ఇందులో దోషమేమి యని అడుగవచ్చును. నిజమే, నీటి పొదుపు మంచిదే; పేదకు ఉచితముగ నీ రిచ్చుట ధర్మమే; నిబంధనలను ప్రభుత్వము బాహాటముగనే ప్రకటించినది. కావున దీనిని నేను నిందింపను. కాని ఇదే రీతిని నీటినుండి మనుష్యుని ముఖమునకు మరల్చినప్పుడు ఏమగునో చూడవలెను.

2013లో నాటి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ప్రజారక్షణకై ఒక చట్టము చేసినది. నూఱుమంది గుమికూడు దుకాణములు, ఆసుపత్రులు, ప్రార్థనాస్థలములు మొదలగుచోట్ల స్వంతదారులే కెమెరాలు పెట్టించుకొని, పోలీసులు కోరినప్పుడు ఆ చిత్రముల నియ్యవలెనని దాని తాత్పర్యము. తరువాత హైదరాబాదు పోలీసువారు, వీథులలోను, బస్తీలలోను జనులే చందాలు వేసికొని కెమెరాలు పెట్టించుకొనునట్లు ఒక కార్యక్రమమును నడిపిరి. దానికి వారు పెట్టిన పేరు ‘నేను సైతం’.

సాహిత్యపత్రికలో పోలీసుల కార్యక్రమమును గూర్చి ఏల యని పాఠకులు విసుగుకొనవలదు. ఇచ్చటనే సాహిత్యవిమర్శకునకు పని కలదు. ఆ రెండు పదములు వినగానే తెలుగువానికి శ్రీశ్రీ ‘జయభేరి’ గుర్తునకు వచ్చును. 1950లో వెలువడిన ‘మహాప్రస్థానం’ సంపుటిలో నున్న ఆ ఖండికలో, ఒక అల్పవ్యక్తి తన్ను తాను ఒక మహాకార్యమునకు అర్పించుకొనును. ఎవ్వరును వానిని అడుగలేదు. అడుగకయే ఇచ్చుటలో వాని ఠీవి యున్నది. ఆ ఠీవినే పోలీసుశాఖ కెమెరా చందాకు అరువు తెచ్చుకొన్నది.

వ్యాకరణదృష్టితో చూచినచో ఇందలి చమత్కారము ఇంకను తేటపడును. ఆజ్ఞ ఎల్లప్పుడును మధ్యమపురుషలో నుండును: నీవు చేయుము, మీరు చేయుడు. ఆజ్ఞాపించువాడొకడు, చేయువాడొకడు, ఇరువురి నడుమ ఎడము కలదు. ఆ యెడములోనే ‘ఏల చేయవలెను?’ అను ప్రశ్న పుట్టును. ‘నేను సైతం’ అనునది ఉత్తమపురుష. ఇందులో ఆజ్ఞాపించినవాడు కనబడడు. చేయవలసినవాడే తన నోట పలుకుచున్నాడు. తన మాటను తానే ఎదిరించువా డెవడు? ప్రభుత్వము చెప్పదలచినది పౌరుని నోట ‘నేను’ అను మాటగా వెలువడిననాడు, ప్రశ్నకు చోటు లేకుండ పోవును. ఫూకో ఉపన్యాసములలో విస్తరించి చెప్పినదానిని ఈ రెండు పదములు సూత్రప్రాయముగ చూపుచున్నవి.

లాడ్‌బజారులో గాజుల వర్తకు నొకని ననుకొందము. దొంగలకు వెఱచి అతడు చందా ఇచ్చెను; దుకాణమున కెమెరా పెట్టించెను. దొంగలు వచ్చిరో రాలేదో గాని, ఆ దినమునుండి పనికుఱ్ఱవాడు కునుకుపాటు మానెను. కొన్నాళ్లకు వర్తకుడును తన బల్లమీద సర్దుకొని కూర్చుండుట నేర్చెను. గిరాకి లేని మధ్యాహ్నము ప్రక్క దుకాణపు మిత్రునితో ప్రభుత్వమును గూర్చి రెండు మాటలు విసరుకొను అలవాటు ఉండెడిది. ఇప్పుడు ఆ మాటలాడుటకు ముందు ఒకసారి పైకి చూచును. కంటికి చెవి లేదని ఎఱిగియు చూచును. తన రక్షణకై తాను పెట్టుకొన్న కన్ను తన్నే చూచుచున్నదని అతడు ఎవరితో మొఱపెట్టుకొనును? చందా ఇచ్చినది తానే కదా.

ఇది ఊహ, జరిగినదానిని చెప్పెదను. 2021 మే నెలలో, కరోనా నిర్బంధకాలమున, ఎస్. క్యూ. మసూద్ అను సామాజిక కార్యకర్తను పాతబస్తీలో పోలీసు లాపి, ముఖమునకున్న మాస్కు తీయుమనిరి. ఆయన అంగీకరింపకపోగా, మాస్కుతోనే ఛాయాచిత్రము తీసికొనిరి. తన ముఖచిత్రము ఎచ్చటికి పోయినదో, దేనికి వాడుదురో చెప్పవలెనని ఆయన అడిగెను. ముఖములను గుర్తుపట్టు యంత్రములను పోలీసులు వాడుట చట్టసమ్మతము కాదని తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యము వేసెను. 2022 జనవరిలో న్యాయస్థానము ప్రభుత్వమునకు నోటీసు లిచ్చెను. ఆ న్యాయస్థానము కూర్చున్నది మూసీ దక్షిణపుటొడ్డున, వరద పిదప నిర్మింపబడి 1920లో తెఱవబడిన భవనముననే. వీథిని వెడల్పుచేసిన కాలము కట్టిన యింటనే, వీథిలో నడచువాని ముఖము ఎవరిదను ప్రశ్న విచారణకు వచ్చినది. అంతరంగికత పౌరుని ప్రాథమికహక్కని 2017 ఆగస్టు 24న సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము చెప్పియున్నందుననే ఆ ప్రశ్న అడుగుటకు ఆధారము దొరకినది.

ఈ కథలో ఒక సంగతి గమనింపదగినది. కెమెరా పెట్టించుట జనుల ఇష్టముపై వదలిరి. మాస్కు తీయుమనుట మాత్రము ఆజ్ఞయే. పరోక్షపాలనము వచ్చిన పిమ్మట ప్రత్యక్షపాలనము మాయమైపోలేదు. తెల్లవారుజామున గల్లీలను చుట్టుముట్టి, ఇల్లిల్లు సోదాచేసి, బండి కాగితములు, గుర్తింపుకార్డులు అడుగు కట్టడి తనిఖీలు పాతబస్తీకి పరిచితములు. ఇట్టివి బస్తీ గల్లీలలో జరుగుట విన్నాము గాని, బంజారాహిల్సు భవనముల నడుమ జరుగుట అంతగా వినము. మిల్లు గీచిన గీత ఇచ్చట మరల కనబడుచున్నది. ఒకే నగరములో కొందఱికి మోచేతి పోటు, కొందఱికి లాఠీ మొన. ఎవరిని స్వేచ్ఛచేత పాలింపవచ్చును, ఎవరిని ఆజ్ఞచేతనే పాలింపవలెను అని ఎవరో, ఎచ్చటనో, మనలను అడుగకుండ నిర్ణయించుచున్నారు. నేడు ఆ గీత జాతులను విడదీయుట మాని బస్తీలను విడదీయుచున్నది.

ఇక ఫూకో సిద్ధాంతమునందలి లోపమును చెప్పవలెను. ఆయన కన్ను తీక్ష్ణమైనది. కాని చేతిలో తక్కెడ లేదు. ఉస్మాన్‌సాగరు నీటిలోను, పత్తర్‌గట్టి కమానులోను, కెమెరా కంటిలోను ఒకే శక్తి యున్నదని ఆయన ననుసరించి చూపవచ్చును. చూపిన పిదప ఏది ఉంచవలెను, ఏది తీయవలెనని అడిగినవానికి ఆ సిద్ధాంతమున జవాబు దొరకదు. వరదలో కొట్టుకొనిపోయిన నగరమునకు కట్టయు ఒక నిర్బంధమే యని చెప్పుట నిజమే కావచ్చును. కాని అది వరద నెఱుగనివాడు చెప్పగల నిజము. పరోక్షముగ నడిపించుటయే పాపమైనచో తల్లియు, బడియు, పద్యమును ముందుగ దోషు లగును.

కావున మనకు ఒక తక్కెడ కావలెను. నాకు తోచినంతలో మూడు ప్రశ్నలు చాలును. మొదటిది: మనలను నడిపించు చేయి తన్ను తాను చూపుకొనుచున్నదా? రెండవది: అది అందఱిపై సమముగ పడుచున్నదా? మూడవది: దానికి బదులుచెప్పుటకు మనకు చోటున్నదా?

ఈ మూడింటిచేత తూచి చూడుడు. ఏప్రిలు తగ్గింపు తన్ను చూపుకొనును, ఇంటిపన్ను కట్టువా రందఱికి నొకటే, అక్కఱలేనివాడు ఊరకుండవచ్చును. ఉచితజలము మొదటి రెండు ప్రశ్నలను దాటును. మూడవదాని యొద్ద కొంత తడబడును, ఏలయన ఆధారు ఇయ్యనొల్లనివానికి కాదనుటయే గాని వాదించుటకు త్రోవ లేదు. ముఖమును గుర్తుపట్టు యంత్రము మూడింటను తప్పుచున్నది. ఎప్పుడు చూచినదో తెలియదు, ఎవరిని ఎక్కువగ చూచునో తెలియదు, తప్పుగా గుర్తించినచో ఎవరితో చెప్పుకొనవలెనో తెలియదు.

పరోక్షపాలనము ఈ మూడింటను నెగ్గునట్లు చేయుట అసాధ్యము కాదు. చార్మినారు చుట్టును వాహనములు రాకుండ చేసి రాతిబండలు పఱచిరి. నడచువానికి అది సుఖమే. తోపుడుబండ్ల చిరువర్తకుల గతి యేమనునది ప్రశ్న. 2014లో పార్లమెంటు చేసిన వీథివర్తకుల చట్టము, ఎచ్చట అమ్మవచ్చునో నిర్ణయమునకు సలహాచెప్పు నగరసంఘములో నూటికి 40 మందికి తగ్గకుండ వీథివర్తకులే యుండవలెనని చెప్పినది. చట్టపు అక్షరమునకును ఆచరణమునకును ఎంత దూరమైనను ఉండవచ్చును. అయినను అందలి భావము గొప్పది. వీథి అమరిక మనిషి నడవడిని దిద్దకమానదు గనుక, దిద్దబడు మనిషి ఆ అమరికలో ఒక చేయి వేయవలెనని అది ఒప్పుకొన్నది.

చివరగ మనవారి మాట. సంస్కర్తలమని చెప్పుకొను మనమును ఈ విద్యలో ఆఱితేఱినవారమే. వీరేశలింగము పంతులుగారు 1874లో ‘వివేకవర్ధని’ని స్థాపించి, ప్రహసనములు వ్రాసి, లంచగొండులను, వేశ్యాలోలురను నలుగురిలో నవ్వులపాలు చేసిరి. ఆ నవ్వును సిగ్గు పుట్టించి మనుష్యుని మరల్చు ఉపాయమే. 1921లో వెంకటరామారావుగారిని ఎగతాళి చేసినదియు సంస్కారసభయే యని మఱవరాదు. ఆ రెండు నవ్వులకు భేద మేమి? పంతులుగారు తమ పేరు పెట్టి వ్రాసిరి, పాఠకుని యెదుట కారణములు చెప్పిరి, ప్రతిపక్షముననున్న కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు తమ ‘ఆంధ్రభాషాసంజీవని’లో గట్టిగ బదులుచెప్పిరి, చదువరి ఇరుపక్షములను తూచుకొనెను. నాటకశాలలోని గోలకు పేరు లేదు, కారణము లేదు. బదులుచెప్పుటకు వక్తకు చోటునులేదు. మొదటిది మనిషిని పలుకనిచ్చి మార్చినది. రెండవది మనిషి నోరు మూయించినది.

సాహిత్యమును, ప్రభుత్వమును మన నడవడిని దిద్దదలచినవే. అయినను పుస్తకమును మూసివేయు హక్కు పాఠకునిది. కుళాయిని, వీథిని, కెమెరాను మూసివేయుట పౌరుని వశములో లేదు. అందుచేత పుస్తకముకంటె వాటికి మఱింత సంజాయిషీ యవసరము. మన నోట ‘నేను’ అను మాటను పెట్టువారు వచ్చినప్పుడు, అది నా మాటయేనా, నాచేత పలికింపబడిన మాటయా యని ఒక్క నిమిషము నిలిచి చూచుకొందుము గాక. ఆ యొక్క నిమిషము ఆగుటను పాఠకులకు అలవాటు చేయగలిగినచో, మన పత్రికలు తమ పనిని చేసినట్లే.